భావజాలం చూసి ఎవరు సెన్సార్ వైపో చెప్పగలమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: రైట్ భావాలున్నవాళ్లు నిషేధాలు కోరతారని, లెఫ్ట్, లిబరల్ భావాలున్నవాళ్లు కళాకారుల పక్షాన నిలబడతారని మీరంటున్నారు. మీ ఫ్రెండేమో సెన్సార్‌కి పుట్టిల్లే లెఫ్ట్ అంటున్నారు. ఇద్దరిలో ఎవరిది నిజం అని అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా రాజనీతి శాస్త్రం పాఠాలు చెబుతూ, అందులో ఎక్కువ కాలం సెన్సార్ చరిత్రనే చదువుతూ వచ్చినవాణ్ణి కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు సూటిగా జవాబు. ఒక మనిషి భావజాలం తెలిస్తే అతను దేన్ని ఆపమంటాడో చాలావరకు చెప్పగలం. నచ్చనిదాన్ని ఆపమంటాడా లేక భరిస్తాడా అన్నది మాత్రం భావజాలాన్ని బట్టి చెప్పడం కష్టం. ఇవి రెండు వేర్వేరు సంగతులు. మీరిద్దరూ వీటిని కలిపేసి మాట్లాడుతున్నారు, అందుకే వాదన తెగడం లేదు.

దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ ఆధునిక చిత్రకళ. 1937 జులైలో నాజీలు మ్యూనిక్‌లో 'దిగజారిన కళ' పేరుతో ఒక ప్రదర్శన పెట్టారు. మ్యూజియంల నుంచి లాక్కొచ్చిన దాదాపు 650 కళాఖండాలను గోడల మీద వంకరటింకరగా వేలాడదీసి, పక్కన వెక్కిరింపు రాతలు రాసి, చూసి అసహ్యించుకోండని జనాన్ని పిలిచారు. ఇరవై లక్షల మందికి పైగా వచ్చారు. దానికి ఒక్కరోజు ముందు అదే ఊళ్లో ప్రభుత్వం మెచ్చిన కళతో పెట్టిన ప్రదర్శనకు అంతకంటే చాలా తక్కువమంది వెళ్లారు. నాజీల దృష్టిలో ఈ ఆధునిక కళంతా బోల్షెవిక్కుల, అంటే రష్యా కమ్యూనిస్టుల, కుట్ర. మరి బోల్షెవిక్కుల దేశంలో? అక్కడ 1934 నుంచీ సోషలిస్టు వాస్తవికత, అంటే శ్రామికుల్నీ విప్లవాన్నీ గొప్పగా, అందరికీ అర్థమయ్యేలా చూపించే శైలి, ఒక్కటే అధికారిక పద్ధతి, ఇలాంటి బొమ్మలు బూర్జువా రోగం కింద లెక్క. 1962 డిసెంబరులో మాస్కోలోని మానేజ్ ప్రదర్శనశాలలో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ కొత్తతరం చిత్రకారుల్ని ముఖం మీదే బూతులు తిట్టాడు. 1974 సెప్టెంబరులో ఊరి చివర ఖాళీ స్థలంలో చిత్రకారులు తమంతట తాము పెట్టుకున్న ప్రదర్శన మీదికి బుల్డోజర్లు పంపారు. పోనీ అమెరికా? రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక విదేశాంగ శాఖే 79 ఆధునిక చిత్రాలు కొని విదేశాల్లో చూపించడం మొదలుపెట్టింది. కాంగ్రెస్‌లోనూ (అంటే అక్కడి పార్లమెంటులో) పత్రికల్లోనూ గొడవ లేవడంతో 1947లో ఆ ప్రదర్శనను వెనక్కి రప్పించి, బొమ్మల్ని యుద్ధంలో మిగిలిపోయిన సామానుతో పాటు వేలం వేసేశారు. 1949లో జార్జ్ డొండెరో అనే కాంగ్రెస్ సభ్యుడు ఆధునిక కళ మొత్తం కమ్యూనిస్టుల ఆయుధమని సభలో నిలబడి ప్రసంగించాడు.

చూడండి, ఒకే తరహా బొమ్మలు. బెర్లిన్‌లో బోల్షెవిక్, మాస్కోలో బూర్జువా, వాషింగ్టన్‌లో మళ్లీ కమ్యూనిస్టు. బొమ్మలో ఏముందో దానికీ ఈ ముద్రలకీ సంబంధం దాదాపు లేదు, ఎవరికి ఎవరంటే భయమో ఆ పేరు దానికి అతికించారు, అంతే. ఇంకో విషయం కూడా చెప్పాలి. నాజీలు మ్యూజియంల నుంచి తీసేసిన కళాఖండాల్లో అందరికంటే ఎక్కువ, వెయ్యికి పైగా, ఎమిల్ నోల్డే అనే చిత్రకారుడివి. ఆయన నాజీ పార్టీ సభ్యుడే! నావి తిరిగివ్వండని ఉత్తరాలు రాసుకున్నాడు, తన విధేయత గుర్తు చేశాడు. 1941లో వృత్తిపరంగా బొమ్మలు వేయకుండా నిషేధం పెట్టారు. సెన్సార్‌ని సమర్థించే పక్షంలో ఉన్నాం కాబట్టి మనం క్షేమం అనుకునేవాళ్లకి నోల్డే కథ తప్పకుండా చెబుతాను.

ఇక సర్వేల సంగతికి వద్దాం, ఎందుకంటే మీరు 'రీసెర్చ్ ఏమంటోంది' అని కూడా అడిగారు.

1954లో, అంటే అమెరికాలో కమ్యూనిస్టుల వేట మంచి ఊపులో ఉన్నప్పుడు, శామ్యూల్ స్టౌఫర్ అనే సామాజిక శాస్త్రవేత్త పెద్ద సర్వే చేయించాడు. ఒక కమ్యూనిస్టు మీ ఊళ్లో ఉపన్యాసం ఇవ్వొచ్చా, వాడు రాసిన పుస్తకాన్ని మీ లైబ్రరీ నుంచి తీసేయమంటే ఒప్పుకుంటారా, ఇలాంటి ప్రశ్నలు. పుస్తకం తీసేయాలన్నవాళ్లు దాదాపు మూడింట రెండు వంతుల మంది. ఆ తర్వాత 1970లలో ఇవే ప్రశ్నలు మళ్లీ అడిగితే అంకెలు బాగా మెరుగుపడ్డాయి, జనంలో సహనం పెరిగిందని అందరూ సంతోషించారు. అక్కడే సలివన్, పియర్‌సన్, మార్కస్ అనే ముగ్గురు ఒక అడ్డు ప్రశ్న వేశారు. పెరిగింది సహనమా, లేక జనానికి కమ్యూనిస్టులంటే భయం తగ్గిందా? భయం తగ్గినవాడి మీద చూపేదాన్ని సహనం అనలేం కదా. అందుకని వాళ్లు పద్ధతి మార్చి, ముందు మీకు అస్సలు గిట్టని గుంపు ఏదో మీరే చెప్పండి అని అడిగి, ఆ తర్వాత ఆ గుంపుకి హక్కులు ఇస్తారా అని అడిగారు. 1979లో వ్యాసంగా, 1982లో పుస్తకంగా వచ్చిన ఆ ఫలితాలు చూస్తే సహనం జనం అనుకున్నంతగా ఏమీ పెరగలేదు. ద్వేషం ఒక్క గుంపు మీద కాకుండా రకరకాల గుంపుల మీదికి చెల్లాచెదురైంది. ఒకడికి నాస్తికుడు, ఇంకొకడికి జాత్యహంకారి.

అంతకంటే ముందే, 1960లో, ప్రోత్రో, గ్రిగ్ అనే ఇద్దరు అమెరికాలో రెండు ఊళ్లలో అడిగి చూశారు. అల్పసంఖ్యాకులకి తమ అభిప్రాయం చెప్పుకునే స్వేచ్ఛ ఉండాలా అంటే నూటికి తొంభైమందికి పైగా ఉండాలన్నారు. అదే సూత్రాన్ని ఒక ఫలానా మనిషికి, ఫలానా సందర్భానికి అన్వయించి అడగ్గానే ఆ ఏకాభిప్రాయం చెదిరిపోయింది. నేను క్లాసులో ప్రతి ఏడాదీ ఇది చేసి చూపిస్తాను. కళాకారుడికి స్వేచ్ఛ ఉండాలా అంటే చేతులన్నీ పైకి లేస్తాయి. తర్వాత చిన్న చీటీలు పంచి, మీ మనసుకి బాగా దగ్గరైన వ్యక్తిని లేదా నమ్మకాన్ని ఒక నాటకంలో దారుణంగా అవమానించారనుకోండి, ఆడనిస్తారా అని రాయమంటాను, పేర్లు అక్కర్లేదంటాను. ఇప్పుడు జవాబులు మారతాయి. లెఫ్ట్ విద్యార్థి, రైట్ విద్యార్థి అన్న తేడా ఆ చీటీల్లో నాకు కనిపించదు. ఎవరు ఎవర్ని ప్రేమిస్తారన్న తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అలాగని భావజాలానికి అసలు ప్రభావమే లేదనను. ఉంది. సామాజిక విషయాల్లో సంప్రదాయవాదులు, అంటే కుటుంబం, మతం, క్రమశిక్షణ అనేవి ముందుండాలనుకునేవాళ్లు, లైంగికత, దైవదూషణ లాంటి విషయాల్లో ఆంక్షలకు ఎక్కువ మొగ్గుతారు, చాలా అధ్యయనాల్లో ఇది తేలింది. కానీ ఇక్కడ లెఫ్ట్, రైట్ అనే గీత కంటే ఇంకో గీత ముఖ్యం. సమాజం అంతా ఒక్కలా ఉండాలి, పెద్దలు చెప్పింది వినాలి, వినకపోతే శిక్షించాలి అనే స్వభావం ఒకటి ఉంటుంది కదా, సెన్సార్ పట్ల మొగ్గుని ఆర్థిక భావాల కంటే అదే బాగా పట్టిస్తుంది. పన్నులు తగ్గాలి, ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి అనేవాడు రైట్ వాడే అయినా సినిమా మీద కత్తెర అక్కర్లేదనవచ్చు. భూములు పంచాలి అనేవాడు లెఫ్ట్ వాడే అయినా కథలో నాయకుడు తప్పు చేసినట్టు రాస్తే ఊరుకోకపోవచ్చు. ఇంకో పొరపాటు కూడా జరుగుతూ ఉంటుంది. 1973లో గ్లెన్ విల్సన్ బృందం చేసిన ప్రయోగంలో సంప్రదాయవాదులకి సరళంగా, పోల్చుకోదగ్గ రూపాలున్న చిత్రాలే ఎక్కువ నచ్చాయి. ఇది చూపించి 'అందుకే వాళ్లు నిషేధిస్తారు' అంటారు కొందరు. అభిరుచి వేరు, నిషేధం వేరు. నాకు నచ్చని సంగీతం బోలెడంత ఉంది, దాన్ని ఆపమని నేనెప్పుడూ అనలేదు.

మరి ఆపమనేవాళ్లలో ఉమ్మడిగా ఉండేదేమిటి? నా అనుభవంలో అన్నిటికంటే బలమైన సూచన ఇది: 'నాకేం కాదు, కానీ మిగతావాళ్లు చెడిపోతారు' అనే నమ్మకం. డేవిసన్ అనే పరిశోధకుడు 1983లో దీని గురించి రాశాడు, అప్పట్నుంచీ చాలామంది పరీక్షించారు. మీడియా ప్రభావం మన మీద కంటే ఇతరుల మీదే ఎక్కువని మనుషులు అనుకుంటారు, ఆ తేడా ఎంత ఎక్కువగా ఊహించుకుంటే సెన్సార్‌కి అంతగా ఒప్పుకుంటారు. 1960లో లండన్‌లో 'లేడీ ఛాటర్లీస్ లవర్' నవల మీద అశ్లీలత కేసు నడిచినప్పుడు ప్రాసిక్యూటర్ జ్యూరీని అడిగిన ప్రశ్న ఇప్పటికీ చెప్పుకుంటారు: ఈ పుస్తకాన్ని మీ భార్యగానీ మీ పనివాళ్లుగానీ చదవాలని మీరు కోరుకుంటారా? ఆ జ్యూరీలో ముగ్గురు ఆడవాళ్లున్నారు. పుస్తకం మీద కేసు కొట్టేశారు. ఈ 'భార్యా, పనివాళ్లూ' స్థానంలో ఎవర్నైనా పెట్టుకోండి: పిల్లలు, చదువురానివాళ్లు, కార్మికవర్గం, మైనారిటీలు, మెజారిటీ. లెఫ్ట్ వాళ్లు 'జనం తప్పుడు చైతన్యంలో పడతారు' అంటారు, రైట్ వాళ్లు 'జనం నీతి తప్పుతారు' అంటారు. రెండింటిలోనూ చెప్పేవాడు మాత్రం పడడు, తప్పడు.

రెండో సూచన అధికారం. ఇది నా దృష్టిలో భావజాలం కంటే పెద్దది, దీన్ని మాత్రం వివరంగా చెప్పాలి. కార్ల్ మార్క్స్ పత్రికా జీవితం మొదలైందే సెన్సార్‌ని ఏకిపారేస్తూ. 1842లో రైన్‌లాండ్ పత్రికలో పత్రికాస్వేచ్ఛ మీద ఆయన రాసిన వ్యాసాలు ఇవాళ చదివినా రక్తం వేడెక్కుతుంది, మరుసటి ఏడే ప్రష్యా ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది. అదే మార్క్స్ పేరు చెప్పుకునే రష్యా ప్రభుత్వం 1922లో సెన్సార్ కోసం 'గ్లావ్‌లిట్' అనే సంస్థనే పెట్టింది. రష్యా విప్లవ నాయకుల్లో ఒకడైన ట్రాట్‌స్కీని తీసుకోండి. అధికారంలో ఉన్న రోజుల్లో, 1923 ప్రాంతంలో, అప్రమత్తమైన విప్లవ సెన్సార్ అవసరమని రాశాడు. 1938లో దేశభ్రష్టుడై మెక్సికోలో ఉన్నప్పుడు అదే మనిషి కవి ఆంద్రే బ్రెటన్‌తో కలిసి కళకు పూర్తి స్వేచ్ఛ కావాలని మేనిఫెస్టో తయారుచేశాడు. ఆయన భావజాలం పెద్దగా మారలేదు, ఆయన నిలబడ్డ చోటు మారింది. ఇంగ్లీషు కవి జాన్ మిల్టన్ కూడా అంతే. 1644లో ముద్రణకు ముందస్తు అనుమతి తప్పు అని గొప్ప వ్యాసం రాశాడు, అందులోనే కాథలిక్కులకి మాత్రం ఆ సహనం వర్తించదన్నాడు. 1651లో తన పక్షం గద్దెనెక్కాక ఒక ప్రభుత్వ వార్తాపత్రికకు లైసెన్సు ఇచ్చే అధికారిగా పనిచేశాడు.

క్యూబాలో 1961లో హవానా రాత్రి జీవితం మీద తీసిన చిన్న డాక్యుమెంటరీ ఒకటి ఆపేశారు. రచయితలూ కళాకారులూ ఆందోళన పడితే క్యాస్ట్రో వాళ్లని సమావేశపరిచి చెప్పిన మాట ప్రసిద్ధం: విప్లవంలో ఉంటే అన్నీ, విప్లవానికి వ్యతిరేకంగా అయితే ఏమీ లేదు. వినడానికి ఉదారంగా కూడా అనిపిస్తుంది. కానీ ఏది లోపల, ఏది బయట అని ఎవరు తేలుస్తారు? పదేళ్ల తర్వాత, 1971లో, కవి హెబెర్తో పదియాని అరెస్టు చేసి, బయటికి వదిలాక తోటి రచయితల ముందు తన తప్పులు తానే ఒప్పుకునేలా చేశారు.

భారతదేశంలో నుంచి ఒక్కటే చెబుతాను, ఎందుకంటే దీన్ని మించిన ఉదాహరణ నాకు ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు. 1950 మే 26న సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. ఒకటి, మద్రాసు ప్రభుత్వం తన పరిధిలోకి రానివ్వని 'క్రాస్‌రోడ్స్' అనే వామపక్ష పత్రిక కేసు. రెండోది, ప్రచురణకు ముందే చూపించాలని ఢిల్లీ అధికారులు ఆదేశించిన 'ఆర్గనైజర్' అనే ఆరెస్సెస్ భావాల పత్రిక కేసు. కోర్టు రెండింటినీ గెలిపించింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి, వాక్‌స్వేచ్ఛకు సంబంధించిన 19వ అధికరణంలో ఆంక్షలకు 'శాంతిభద్రతల' లాంటి కొత్త కారణాలు చేర్చింది. ఇటు లెఫ్ట్, అటు రైట్ ఇద్దరూ ఒకే బోనులో నిలబడ్డారు, సవరణ తెచ్చింది మధ్యలో ఉన్నవాళ్లు. కాబట్టి మధ్యేవాదులకీ ఈ జబ్బు రాదని ఏమీ లేదు.

ఇప్పుడు మీ ఫ్రెండ్ కచ్చితంగా ఎత్తే విషయం: మంచి ఉద్దేశంతో, బలహీనుల్ని కాపాడటానికి పెట్టే ఆంక్షల సంగతేమిటి? ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. 1983-84లో ఆండ్రియా డ్వార్కిన్, క్యాథరిన్ మకినన్ అనే స్త్రీవాదులు అశ్లీల చిత్రాలు స్త్రీల పౌరహక్కుల్ని దెబ్బతీస్తాయని ఒక నగర చట్టం రాశారు. ఇండియానాపోలిస్‌లో దాన్ని పాస్ చేయించింది సంప్రదాయ రిపబ్లికన్లు, మిగతా చాలా స్త్రీవాద డిమాండ్లని వాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. కోర్టులు దాన్ని కొట్టేశాయి. కెనడాలో మాత్రం 1992లో సుప్రీంకోర్టు ఇదే తరహా వాదనను, స్త్రీలకు హాని అనే కారణాన్ని, అశ్లీలత చట్టానికి ఆధారంగా అంగీకరించింది. తర్వాత ముందుగా కేసులు పడినవాటిలో ఒకటి టొరంటోలో స్వలింగ సంపర్కుల పుస్తకాల షాపు మీద, లెస్బియన్ స్త్రీలు తమ కోసం తాము తెచ్చుకున్న పత్రిక అమ్మినందుకు. చట్టం రాసినవాళ్ల ఉద్దేశం అది కానే కాదు. కానీ చట్టం పోలీసు చేతికి వెళ్లాక రాసినవాళ్ల ఉద్దేశం దాని వెంట వెళ్లదు.

ఇది నాకు పుస్తకాల్లో చదివి వచ్చిన బుద్ధి కాదు. వయసులో ఉన్నప్పుడు ఒక నాటకం ఆపాలని హాలు యాజమాన్యానికి రాసిన లేఖ మీద నేనూ సంతకం పెట్టాను. ఆ నాటకం ఒక అణగారిన వర్గాన్ని హీనంగా చూపిస్తోందని మాకు నిజంగా కోపం, ఆ కోపం ఇప్పటికీ తప్పనను. నాటకం ఆగిపోయింది. కొన్నాళ్లకి మేమెంతో ఇష్టపడే బృందం అదే హాలు అడిగితే 'వివాదాలున్న ప్రదర్శనలు ఇవ్వకూడదని అప్పుడే నిర్ణయించాం' అని తిప్పి పంపారు. ఆ నిర్ణయానికి కారణం మా లేఖే. ఆ బృందంలో కుర్రాళ్లకి ఆ సంగతి చెప్పడానికి నాకు చాలా రోజులు ధైర్యం చాలలేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, ఈ చర్చల్లో అన్నిటినీ సెన్సార్ అనేస్తారు. ప్రభుత్వం జైలు భయం చూపి ఆపడం ఒకటి. ప్రభుత్వం డబ్బు ఇవ్వనని చెప్పడం ఇంకొకటి, ఇది మధ్యరకం. అమెరికాలో 1989లో కొన్ని ఫొటోల మీద సెనేటర్ జెస్సీ హెల్మ్స్ గొడవ చేశాక, 1990లో కళల నిధులకు సభ్యత అనే షరతు చేర్చారు, 1998లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ప్రచురణకర్త తనే భయపడి మార్చడం మూడోది, 2023లో రోల్డ్ డాల్ పిల్లల పుస్తకాల్లో 'లావు' లాంటి మాటలు మార్చినట్టు. విమర్శించడం, చూడకండి అని చెప్పడం నాలుగోది, ఇది సెన్సార్ కానే కాదు, ఇదీ వాక్‌స్వేచ్ఛే. మీ ఇద్దరి ఉదాహరణలూ చూశాను. మీరు రైట్ గురించి చెప్పేటప్పుడు మొదటి రకం ఎత్తుకుంటున్నారు, లెఫ్ట్ తప్పుల్ని మూడో రకంలోనూ నాలుగో రకంలోనూ వేసి వదిలేస్తున్నారు. ఆయన దీన్నే తిరగేసి చేస్తున్నారు. ఈ రోజు అమెరికాలో అయితే మొదటి రకానికి దగ్గరగా ఉన్న పని ఎక్కువగా రైట్ నుంచే వస్తోంది, పెన్ అమెరికా అనే రచయితల సంస్థ లెక్కలో 2023-24 విద్యాసంవత్సరంలో ప్రభుత్వ బడుల్లో పుస్తకాల్ని తీసేసిన సందర్భాలు 10,046. ఆ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అదే 1950ల మాస్కోలో పుట్టి ఉంటే మీ ఫ్రెండ్ మాటే నిజమనేవాణ్ణి.

మీరిద్దరూ ఒక పని చేసి చూడండి. మీకు నిజంగా కడుపు మండించిన సినిమా గానీ పుస్తకం గానీ నాటకం గానీ మూడేసి రాసుకోండి, అవతలివాడికి మంట పుట్టించేవి కాదు, మీకే. పక్కనే, దాన్ని ఆపడానికి మీరు ఒప్పుకునే గట్టి చర్య ఏమిటో పై నాలుగు రకాల్లో ఒకటి రాయండి. తర్వాత కాగితాలు మార్చుకుని, అదే చర్యను అవతలివాడి జాబితాలో ఉన్నవాటికి కూడా ఒప్పుకుంటారేమో టిక్ పెట్టండి. తొందరపడకండి, ఒక రాత్రి పక్కన పెట్టి మళ్లీ చూసుకోండి. ఏమైందో వీలైతే రాయండి, నాకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.